తిరుపతిలో ఇంటికి లైట్లు పెట్టుకోవడం: ముందు భద్రత, ఆ తర్వాత అలంకారం

మా ఇంటికి వచ్చినవాళ్లు మెట్ల పక్కన వెలిగే చిన్న లైట్లు చూసి "ఎక్కడ కొన్నారు, మనమే బిగించుకోవచ్చా?" అని అడుగుతుంటారు. కార్తీకం దగ్గర పడితే ఈ ప్రశ్నలు ఇంకా ఎక్కువవుతాయి. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు, పని మొదటి నుంచి చివరిదాకా ఏ వరుసలో చేయాలో ఒకచోట రాస్తున్నాను.

ఆ వరుసే ముఖ్యం. మొదట కరెంటు భద్రత, తర్వాత కాలు జారే చోట్లు, ఆపైన అలంకారం. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. హాల్లో ఫాల్స్ సీలింగు, రంగుల స్ట్రిప్పులు వచ్చేస్తాయి, బాత్రూం దారిలో చీకటి మాత్రం అలాగే ఉంటుంది. మా ఇంట్లోనూ అలాగే జరిగింది, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

1. కొనే ముందు ఒక రాత్రి ఇల్లంతా నడవండి

గాంధీ రోడ్డు షాపులకు బయల్దేరే ముందు ఈ పని చేయండి. రాత్రి పది దాటాక పెద్ద లైట్లన్నీ ఆపేసి పడకగదిలోంచి బాత్రూంకు, అక్కణ్నుంచి వంటింటికి, వెనక తలుపుకు, మేడ మెట్లకు, గేటుకు నడవండి. ఫోను జేబులోనే ఉంచండి, మరీ అవసరమైతేనే తీయండి. మెట్ల మీద మాత్రం గోడ పట్టుకునే దిగండి.

ఎక్కడ చెయ్యి స్విచ్ కోసం తడుముకుందో, ఎక్కడ కాలు వెనకాడిందో కాగితం మీద రాసుకోండి. లైటు కావాల్సింది అక్కడే. పగలు కూర్చుని గీసుకున్న ప్లానులో ఆ చోటు దొరకదు.

మా ఇంట్లో వెనక వరండా నుంచి బాత్రూంకు దిగడానికి ఒకే ఒక్క మెట్టు ఉంది. కడప రాయి పలక, ఎత్తు నాలుగు అంగుళాలు. పగలు దాన్ని ఎవరూ మెట్టుగా కూడా లెక్కపెట్టరు. రాత్రయితే నల్లరాయి, నల్లటి నేల కలిసిపోయి అంచు తెలియదు. పైన ట్యూబులైటు ఉంది, కానీ దాని స్విచ్ మెట్టు దిగాక అవతలి గోడకు ఉంది. అమ్మ స్విచ్ కోసం చెయ్యి చాపుతూ అడుగేసింది, కాలు గాల్లో పడింది. మణికట్టు ఎముక చిట్లి నెలన్నర కట్టుతో ఉంది. ఇప్పుడు ఆ మెట్టు దగ్గర రాత్రంతా వెలిగేది అర వాటు లైటు. అంత చిన్న లైటు సరిపోయేది.

నడిచేటప్పుడు చూసుకోవాల్సినవి:

- మెట్టు మొదలయ్యే చోటా, అయిపోయే చోటా అంచు కనిపిస్తోందా?
- చీకట్లోకి అడుగు పెట్టకముందే స్విచ్ అందుతోందా?
- మంచం దిగకుండానే చేతికి అందే లైటు ఉందా?
- గేటు దగ్గర తాళంచెవి పెట్టే రంధ్రం కనిపిస్తోందా?
- కరెంటు పోతే ఈ దారిలో ఏది వెలుగుతుంది?

2. చేతిలో ఉండాల్సినవి

ఎక్కువేమీ అక్కర్లేదు. టెస్టరు, పిడికి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవరు, మంచి పీవీసీ ఇన్సులేషన్ టేపు, టేపు కొలత, చెక్క నిచ్చెన లేదా ఫైబర్ నిచ్చెన, రబ్బరు చెప్పులు. అల్యూమినియం నిచ్చెనతో కరెంటు పని వద్దు.

వైర్లు కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూడండి. లైట్లకు 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్లు, 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5, గీజరుకు, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్లు తీసుకోవడం మంచి పద్ధతి. రంగులు కలపకండి: ఎరుపు, పసుపు, నీలం కరెంటు తెచ్చే ఫేజుకు, నలుపు దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్‌కు, ఆకుపచ్చ లీకైన కరెంటును నేలకు పంపే ఎర్త్‌కు. రేపు ఇంకొకరు ఆ బోర్డు విప్పినప్పుడు వాళ్ల ప్రాణం ఆ రంగుల మీదే ఆధారపడి ఉంటుంది.

3. కరెంటు ఆపడం: ఇన్వర్టర్‌ను మరచిపోకండి

మెయిన్ ఆపేశాం కదా అని బోర్డు విప్పేస్తుంటారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మెయిన్ పడగానే అది అందుకుంటుంది, లైట్ల లైన్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. అందుకే:

1. మెయిన్ ఆపండి.
2. ఇన్వర్టర్ స్విచ్ ఆపండి. దాని అవుట్‌పుట్ ప్లగ్గు ఉంటే పీకేయండి.
3. మెయిన్ దగ్గర "పని జరుగుతోంది, వేయకండి" అని కాగితం అంటించండి. ఇంట్లో పిల్లలకూ చెప్పండి.
4. మెయిన్ ఆపకముందే టెస్టర్ కరెంటు ఉన్న చోట వెలుగుతోందో లేదో చూసుకుని ఉంచండి, ఇప్పుడు దాన్ని పని చేసే చోట పెట్టి చూడండి. పాడైన టెస్టర్ వెలగకపోతే కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టేస్తాం.

నాలుగో అంశం దయచేసి దాటవేయకండి. దానికి పట్టేది పది సెకన్లు.

4. ఎర్త్, ఆర్‌సీసీబీ: అన్నిటికంటే ముందు ఇదే

మీ దగ్గరున్న డబ్బుతో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. స్ట్రిప్ లైట్లు వచ్చే ఏడాదికి వాయిదా వేసినా నష్టం లేదు.

డీబీ (ఇంట్లోని లైన్లన్నీ విడిపోయే పెట్టె)లో చిన్న మీటలు ఎంసీబీలు. వాటి పని వైరును కాపాడటం. లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోతాయి. మనిషికి షాక్ కొడితే ఎంసీబీకి తెలియదు, ఎందుకంటే మనిషి ప్రాణం తీయడానికి ఆంపియర్లు అక్కర్లేదు, మిల్లీ ఆంపియర్లు చాలు. ఆ తేడాను పట్టేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావాలి. తిరిగి వచ్చింది తక్కువైతే, ఎక్కడో మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో నేలకు పోతోందని అర్థం. వెంటనే లైను కోసేస్తుంది.

షాపులో ఇలా అడగండి: 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సింగిల్ ఫేజు ఇల్లయితే రెండు పోల్సుది, త్రీ ఫేజైతే నాలుగు పోల్సుది. 300 మిల్లీ ఆంపియర్లది ఇవ్వజూపితే వద్దనండి. అది అగ్నిప్రమాదాల కోసం, మనిషి షాక్‌కు సరిపోదు. ఆంపియర్ల సైజు మీ మెయిన్ కంటే తక్కువ కాకూడదు. బిగించే పని మాత్రం అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌దే.

దాని మీద "టీ" అని ఒక బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టప్పున పడితే బాగున్నట్టు. పడకపోతే మార్చండి. నేను ప్రతి నెలా ఒకటో తారీఖున, కరెంటు బిల్లు చూసే రోజే నొక్కుతాను, అలాగైతే మరిచిపోను.

ఒక పరిమితి తెలుసుకోండి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ పడకపోవచ్చు, దాని లెక్కలో అది మామూలు లోడే. కాబట్టి ఆర్‌సీసీబీ ఉందని లైను మీద చెయ్యి పెట్టొద్దు.

ఇక ఎర్త్. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, కానీ పైనున్న పెద్ద రంధ్రం వెనక వైరే ఉండదు. కొందరు పనివాళ్లు ఆ రంధ్రాన్ని న్యూట్రల్‌కు లూపు వేసి "ఎర్త్ ఇచ్చేశాం" అంటారు. ఇది చాలా ప్రమాదం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఫ్రిజ్ బాడీ, వాషింగ్ మెషీన్ బాడీ మొత్తం లైవ్ అవుతాయి. సాకెట్లు విప్పించి మీ కళ్లతో చూడండి.

మన జిల్లాల్లో రాతినేల ఎక్కువ, వేసవిలో నేల పొడిబారిపోతుంది. పొడి నేలలో ఎర్త్ సరిగా పనిచేయదు. మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి ఎర్త్ గుంత గొట్టంలో ఒక బకెట్ నీళ్లు పోయండి. ఇల్లు కట్టినప్పుడు వేసిన గుంత మీద తర్వాత టైల్స్ పరిచేసిన ఇళ్లు ఉన్నాయి. మీది ఎక్కడుందో ముందు కనుక్కోండి. ఎలక్ట్రీషియన్‌ను ఎర్త్ మీటరుతో కొలవమనండి. ఇంటికి 5 ఓమ్‌ల లోపు ఉంటే మంచిది.

ఆర్‌సీసీబీ పెట్టాక అది ఊరికే పడుతోంటే చాలామంది తీసేయమంటారు. తీయకండి. అసలు కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే:

- గీజరు ఎలిమెంటు పాడవడం. బోరు నీళ్ల సున్నం పట్టి మన దగ్గర ఇది మామూలే. గీజరు వేయగానే పడితే అదే.
- ఇన్వర్టర్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ ఎక్కడో కలిసిపోవడం. వాటిని విడదీయించాలి.
- బయటి గేటు లైట్లోకో కాలింగ్ బెల్లులోకో వాన నీళ్లు దిగడం.

పట్టుకోవడానికి ఎంసీబీలన్నీ కిందకు దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కో ఎంసీబీ వేస్తూ పొండి. ఏది వేస్తే పడిందో తప్పు ఆ లైన్లో ఉంది. అన్నీ దించినా పడుతోంటే న్యూట్రల్ ఎర్త్‌ను తాకుతోందన్నమాట. అప్పుడు ప్లగ్గులన్నీ పీకి మళ్లీ చూడండి, అయినా పడితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఎంసీబీ పడుతోందని పెద్ద సైజుది వేయించడం ఇంకో తప్పు. లైట్ల లైన్లో 6 ఆంపియర్ల దాని బదులు 20 వేస్తే మీట పడదు, గోడలో వైరు కాలుతుంది.

5. మెట్లు, బాత్రూం

మెట్లకు మూడు పనులు, ఈ వరుసలో.

మొదట అంచు కనిపించాలి. కడప రాయి మెట్ల మీద అంచుకు ఒక అంగుళం లోపలికి పసుపు లేదా తెలుపు యాంటీ స్కిడ్ టేపు వేయండి. ముందు తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. దుమ్ము మీద వేస్తే వారానికే లేచిపోయి, ఆ లేచిన అంచే కాలికి తగులుతుంది. ఎండ పడే మెట్లకు టేపు నిలవదు, అక్కడ ఎనామిల్ పెయింటుతో పట్టీ వేయండి.

రెండోది, కిందా పైనా స్విచ్. టూ వే స్విచ్‌లు రెండు పెట్టిస్తే కింద వేసి పైన ఆపొచ్చు. పాత ఇంట్లో గోడ కొట్టకుండా కేసింగ్ పట్టీలో వైరు లాగించుకోవచ్చు.

మూడోది, పాదాల దగ్గర వెలుగు. మెట్టు నుంచి అడుగు ఎత్తులో గోడకు చిన్న స్టెప్ లైటు, రెండు మూడు మెట్లకొకటి చాలు. వెలుగు కిందికి పడాలి. కళ్లలోకి కొట్టే లైటు పెడితే ఏ లైటూ లేనప్పటికంటే ప్రమాదం, ఒక్క క్షణం ఏమీ కనబడదు.

రాత్రి మెట్లు అందంగా కనిపించేది కూడా ఈ లైట్లతోనే. భద్రత కోసం పెట్టినవే అలంకారమవుతాయి, వేరే ఖర్చు లేదు.

బాత్రూంలో తలుపు పక్కన, కమోడ్ పక్కన చేతికి పట్టుకునే స్టీలు కడ్డీ పెట్టండి. నేల నుంచి దాదాపు రెండున్నర, మూడు అడుగుల ఎత్తులో. ఇంట్లో పెద్దవాళ్లను నిలబెట్టి, వాళ్ల చెయ్యి సహజంగా ఎక్కడికి పోతుందో అక్కడ గుర్తు పెట్టండి. మా అమ్మకు నేననుకున్న చోటు నాలుగు అంగుళాలు ఎక్కువైంది. కడ్డీ ఇటుక గోడలోకి పొడవాటి ఫాస్టెనర్‌తో దిగాలి, టైలుకు అంటించే వాక్యూమ్ రకాలను నమ్మకండి.

టైలుకు రంధ్రం చేసేటప్పుడు గుర్తు మీద టేపు ముక్క అంటించి, డ్రిల్లును హ్యామర్ మోడ్ లేకుండా నెమ్మదిగా తిప్పండి. టైలు దాటాకే హ్యామర్ వేయండి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా ఎప్పుడూ డ్రిల్లు పెట్టకండి, గోడలో వైర్లు ఆ గీతలోనే వెళ్తాయి.

గీజరు స్విచ్ బాత్రూం బయట ఉండాలి. అద్దం లైటు కనీసం ఐపీ 44 రకం తీసుకోండి (ఐపీ అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె).

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గోడకు మేకు కూడా కొట్టలేమంటారు. సాకెట్లో గుచ్చే చిన్న నైట్ ల్యాంపు, ఛార్జింగ్‌తో నడిచే సెన్సర్ లైటు, మెట్ల అంచుకు టేపు. ఈ మూడింటికి ఓనరును అడగాల్సిన పని లేదు.

6. మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైట్లు

కొత్త వైరింగ్ అక్కర్లేని రకం ఉంది: మామూలు హోల్డర్లో పెట్టే సెన్సర్ బల్బు. వరండాలో, మెట్ల కింద బాగా పనికొస్తుంది. దాని స్విచ్ ఎప్పుడూ వేసే ఉంచాలి. మూసి ఉన్న గాజు డూము లోపల పెడితే పనిచేయదు.

విడిగా బిగించే సెన్సర్ అయితే ఏడెనిమిది అడుగుల ఎత్తులో పెట్టండి. మనిషి ఎదురుగా నడిచి వస్తే అది ఆలస్యంగా పడుతుంది, అడ్డంగా దాటితే వెంటనే పడుతుంది. కాబట్టి గేటుకు ఎదురుగా కాకుండా పక్క గోడకు బిగించండి.

మే నెలలో "సెన్సర్ పాడైంది" అని చాలామంది అంటారు. పాడవలేదు. అది చూసేది ఒంటి వేడికీ పరిసరాల వేడికీ ఉన్న తేడాను. పగటి గోడల వేడి రాత్రి దాకా వదలని రోజుల్లో ఆ తేడా తగ్గిపోయి దగ్గరికి వస్తేగాని వెలగదు. వేసవిలో సెన్సిటివిటీ మీట కాస్త పెంచండి.

7. ఏ రంగు వెలుగు ఎక్కడ

డబ్బా మీద కెల్విన్ అంకె చూడండి. 2700 నుంచి 3000 పసుపు వెలుగు, పడకగదికి, వరండాకు, పూజగదికి. 4000 వంటింటికి, చదువుకునే బల్లకు. 6500 తెల్లటి వెలుగు రాత్రిపూట పడకగదిలో వద్దు, నిద్ర చెడగొడుతుంది. ఒకే గదిలో రెండు రంగులు కలిపితే గోడలు మచ్చలుగా కనిపిస్తాయి.

వాన పడ్డాక ఉసిళ్లు వచ్చేది తెల్లలైటు చుట్టూనే ఎక్కువ. బయట పసుపు వెలుగు పెడితే బాగా తగ్గుతాయి.

8. స్ట్రిప్ లైటు: లెక్క వేసి కొనండి

ఫాల్స్ సీలింగు అంచులో, టీవీ వెనక, మంచం కింద పెట్టే స్ట్రిప్పుల్లో 12 వోల్టుల రకం తీసుకోండి. 230 వోల్టులకు నేరుగా పెట్టే రోప్ రకం చవక, కానీ చేతికి అందే చోట పెట్టదగింది కాదు.

230 వోల్టులను 12 వోల్టులుగా మార్చి స్ట్రిప్పుకు ఇచ్చే పెట్టెను డ్రైవర్ అంటారు. దాని లెక్క ఇలా. స్ట్రిప్ మీటరుకు 9.6 వాట్లు, మీకు కావాల్సింది 5 మీటర్లు అనుకుందాం. మొత్తం 48 వాట్లు. దానికి ఐదో వంతు కలిపితే 57.6. కాబట్టి 60 వాట్ల డ్రైవర్, అంటే 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లది. 48 వాట్లకు సరిగ్గా 48 వాట్లది పెడితే అది ఎప్పుడూ కాగుతూ త్వరగా పోతుంది.

బిగించే వరుస:

1. గోడకు అంటించకముందే స్ట్రిప్పును నేల మీద పరిచి డ్రైవర్‌కు కలిపి ఒక అరగంట వెలిగించండి. చుట్టలాగే ఉంచి వెలిగించకండి, వేడెక్కి పాడవుతుంది.
2. కత్తెర గుర్తు ఉన్న చోటే కత్తిరించండి. వేరే చోట కోస్తే ఆ ముక్క వెలగదు.
3. అల్యూమినియం ప్రొఫైల్ పట్టీలో అంటించండి. వేడి పోతుంది, పైన తెల్ల మూత ఉంటే చుక్కలు చుక్కలుగా కాకుండా వెలుగు ఒకేలా వస్తుంది.
4. సున్నం గోడకు, డిస్టెంపర్ గోడకు స్ట్రిప్ వెనకున్న గమ్ పట్టదు. స్క్రూ క్లిప్పులు వాడండి.
5. ప్లస్, మైనస్ చూసి కలపండి. తిరగబడితే వెలగదు, అంతే. మార్చి కలపండి.
6. డ్రైవర్‌ను గాలి ఆడే చోట, నిచ్చెన వేస్తే చెయ్యి అందే చోట పెట్టండి. స్ట్రిప్ కంటే ముందు పోయేది డ్రైవరే. సీలింగు లోపల మూసేస్తే దాన్ని మార్చడానికి సీలింగే కోయాలి.

5 మీటర్లు దాటితే చివర వెలుగు మందగిస్తుంది. రెండో రోల్‌ను మొదటి రోల్ తోకకు కలపకండి, డ్రైవర్ నుంచి వేరే వైరు లాగండి.

9. పూజగది

ఇక్కడ అసలు జాగ్రత్త కరెంటుకు కాదు, మంటకు. చెక్క మందిరంలో పైన ఎల్‌ఈడీ స్ట్రిప్, చుట్టూ ప్లాస్టిక్ పూల తోరణం, కింద దీపం. ఇవి మూడూ ఒక అడుగు లోపలే ఉంటున్నాయి.

దీపం నిలువు గీతలో పైన ఏ వైరూ, ఏ తోరణమూ ఉండకూడదు. దీపం కింద వెడల్పాటి ఇత్తడి పళ్లెం పెట్టండి. హారతి ఇచ్చే చోటు మందిరం బయటికి జరపండి. ఫ్యాను గాలికి తెర కొస దీపం వైపు వస్తోందేమో ఒకసారి ఫ్యాను ఫుల్లుగా వేసి చూడండి. ఇల్లు తాళం పెట్టి కొండకు వెళ్లే రోజు దీపం కొండెక్కిందని చూసుకుని బయల్దేరండి.

పసుపు, కుంకుమ, పట్టుబట్ట రంగులు నిండుగా కనిపించాలంటే సీఆర్‌ఐ 90 ఉన్న లైటు అడగండి, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది. మామూలు లైటు కింద కుంకుమ మట్టి రంగులో కనిపిస్తుంది.

10. కలంకారీ వేలాడదీసిన గోడ

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఇంట్లో ఉంటే దాని మీద చిన్న స్పాట్ లైటు బాగుంటుంది. సీలింగు పది అడుగులైతే లైటు గోడకు రెండున్నర నుంచి మూడు అడుగుల దూరంలో ఉండాలి, అప్పుడు వెలుగు ఏటవాలుగా పడుతుంది, గుడ్డకు అద్దం ఫ్రేము ఉంటే దాని మెరుపు కళ్లలో పడదు. సహజ రంగులు వెలుగుకు వెలిసిపోతాయి. మూడు, నాలుగు వాట్ల ఎల్‌ఈడీ చాలు, చుట్టాలు వచ్చినప్పుడు వేసుకోండి. కిటికీ ఎండ పడే గోడ మాత్రం దానికి వద్దు.

11. బయట, పండగ సీరియల్ సెట్లు

బ్రహ్మోత్సవాలకు ఊరంతా లైట్లు చూశాక మన గేటుకూ పెట్టాలనిపిస్తుంది. దీపావళి, కార్తీకం, తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, అన్నీ మనకు వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే వస్తాయి. అందుకే బయట పెట్టే లైటంటే తడిసే లైటని అనుకునే కొనాలి.

మూడేళ్ల కిందట గేటు గ్రిల్లుకు సెట్టు చుట్టాం. వాన వెలిశాక పాల ప్యాకెట్ తీసుకుందామని గేటు పట్టుకుంటే మోచేతి దాకా జివ్వుమంది. మెయిన్ ఆపి విప్పి చూస్తే, ప్లగ్గుకు రెండడుగుల దూరంలో అతుకు, దాని మీద పార్సిళ్లకు అంటించే సెల్లో టేపు. టేపు కింద నీళ్లు, రాగి పచ్చగా మారిపోయి ఉంది. ఆ అతుకు సరిగ్గా ఇనుప కడ్డీకి ఆనుకుని ఉంది. అరగంట ముందు పక్కింటి పాప అదే గేటు పట్టుకుని ఊగుతూ ఉండింది. ఆర్‌సీసీబీ పెట్టించింది ఆ వారంలోనే.

కాబట్టి:

- బయటికి ఐపీ 65 సెట్టు, వీలైతే అడాప్టరుతో తక్కువ వోల్టేజీకి నడిచేది తీసుకోండి. అడాప్టరు ఇంటి లోపలే ఉండాలి.
- ఇనుప గేటుకు, గ్రిల్లుకు, బట్టలు ఆరేసే తీగకు చుట్టొద్దు. ప్లాస్టిక్ క్లిప్పులతో గోడకు పెట్టండి.
- వైరు కొసలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లతో బిగించడం మానేయండి. ప్లగ్గు ధర ఎంతని?
- సాకెట్‌కు వచ్చే వైరు ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వంపు ఉంచండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.
- అతుకులు బయట వద్దు. తప్పనిసరైతే నీరు దిగని జంక్షన్ బాక్సులో, నేలకు ఎత్తుగా.
- ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించొద్దు.
- పడుకునే ముందు ఆపేయండి, లేదా టైమర్ పెట్టండి.

గేటు స్తంభం లైటు బిగించాక పైనా, రెండు పక్కలా సిలికాన్ పూయండి, కింద మాత్రం వదిలేయండి. నాలుగు వైపులా మూసేస్తే లోపలికి చేరిన చెమ్మ బయటికి పోదు.

కొండవైపు కాలనీల్లో కోతులు వేలాడే వైరును ఊరికే వదలవు. అక్కడ వైరు మొత్తం పీవీసీ పైపులోనే వెళ్లాలి.

2021 నవంబరు వరదల్లో కింది అంతస్తులోకి నీళ్లు వచ్చిన ఇళ్లవాళ్లు నేలకు అడుగు ఎత్తులో ఉన్న సాకెట్లన్నిటికీ విడిగా ఒక ఎంసీబీ పెట్టించుకోండి. నీళ్లు వస్తాయనిపించగానే అది దించేయొచ్చు. నీళ్లలో నిలబడి మెయిన్ ముట్టుకోకండి. కరెంటు ఆఫీసు నంబరు 1912కు ఫోన్ చేసి బయటి నుంచి లైను ఆపించండి.

12. తరచూ వచ్చే చిక్కులు

స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ మినుకుమంటోంది: స్విచ్ న్యూట్రల్ మీద ఉండొచ్చు. బల్బు మారుస్తూ షాక్ తినేది ఇలాంటి చోటే. స్విచ్‌ను ఫేజు మీదికి మార్పించండి. స్విచ్‌లో చిన్న ఇండికేటర్ ఉన్నా ఇలా వెలుగుతుంది, అది ప్రమాదం కాదు.

ఒక గదిలో లైట్లన్నీ ఒకేసారి వణుకుతున్నాయి: ఎక్కడో స్క్రూ వదులైంది. బోర్డు వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా ఆ లైను వెంటనే ఆపండి, రేపటిదాకా చూద్దామనుకోకండి.

ఇల్లంతా కొన్ని లైట్లు మరీ ఎక్కువగా, కొన్ని మరీ మసకగా వెలుగుతున్నాయి: త్రీ ఫేజు ఇంట్లో న్యూట్రల్ పోయినట్టు. మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి.

బోర్డులోంచి మంట: మెయిన్ ఆపండి, నీళ్లు పోయకండి. డీబీకి దగ్గర్లో మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండరు ఒకటి గోడకు పెట్టుకోండి.

13. పండగయ్యాక తీసి దాచడం

ప్లగ్గు పీకాకే తీయండి. సెట్టును లాగకుండా క్లిప్పులు విప్పి, పొడిగుడ్డతో తుడిచి, ఒక పూట నీడలో ఆరనివ్వండి. తర్వాత అట్టముక్క చుట్టూ వదులుగా చుట్టండి, ముడి వేస్తే లోపలి వైరు తెగుతుంది.

అట్ట మీద రాయండి: ఏ చోటికి, ఎన్ని మీటర్లు, ఏ సంవత్సరం కొన్నది, ఏ బల్బు పోయింది. పగిలిన బల్బు ఉన్న సెట్టును వచ్చే ఏడాదికి దాచకండి. అడాప్టరును దాని సెట్టుతోనే రబ్బరు బ్యాండు వేసి పెట్టండి, వోల్టేజీ మారితే సెట్టు కాలిపోతుంది. ఎలుకలు చేరని ప్లాస్టిక్ డబ్బాలో, అటక మీద.